హరిద్వారంలో ఒక చలికాలం

హరిద్వారం అనగానే మనవారికి హరి కీ పౌడీ, సంధ్యవేళ గంగా హారతి, ఆకు దొన్నెలలో నీటి మీద సాగిపోయే దీపాలు జ్ఞాపకం వస్తాయి. యాత్రికులు రెండు మూడు రోజులు ఉంటారు. నాలుగు మునకలు వేసి, మానసాదేవి కొండ ఎక్కి దిగి, చెంబులో గంగ పట్టించుకొని తిరుగు రైలు ఎక్కుతారు. వారిలో ఎక్కువమంది బదరీ కేదారాల తలుపులు తెరిచి ఉండే నెలలలోనే వస్తారు. కనుక డిసెంబరు, జనవరి మాసాలలో ఆ ఊరు ఎలా ఉంటుందో, అక్కడి ఇళ్లలో పొయ్యి మీద ఏమి ఉడుకుతుందో వారికి తెలిసే వీలు లేదు. ఉద్యోగరీత్యా అక్కడ కాపురం పెట్టిన మాకు తెలిసింది. కొంత కష్టపడి, ఒకసారి బాగా భయపడి తెలుసుకొన్న సంగతులు కాబట్టి, ఉత్తరాదికి బదిలీ అయ్యే మన కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మావారికి హరిద్వారం బదిలీ అయినది 1994 నవంబరులో. అప్పటికి ఆ ఊరు ఉత్తరప్రదేశ్‌లో భాగం. ఉత్తరాంచల్ రాష్ట్రం 2000 నవంబరు 9న ఏర్పడి, 2007లో ఉత్తరాఖండ్‌గా పేరు మార్చుకొంది. మేము నలుగురం వెళ్లాము: మేమిద్దరం, ఆరేళ్ల మా బాబు, మా అత్తయ్యగారు. అత్తయ్యగారిది తణుకు దగ్గర పల్లె. మామయ్యగారు పోయి అప్పటికి రెండేళ్లు. ఊళ్లో ఇంటికి తాళం పెట్టి, "గంగ ఒడ్డున కొన్నాళ్లుంటే పుణ్యమేగా" అంటూ ఆవిడ మాతో బయలుదేరారు. మా పుట్టిల్లు కర్నూలు. గోదావరి వంటకూ సీమ వంటకూ ఒక ఇంట్లో సంధి కుదరడానికే మాకు ఏళ్లు పట్టింది. ఇక ఉత్తరాది చలి వచ్చి మూడవ పక్షంగా కూర్చొంది.

చేరిన మర్నాడే ఆవిడను గంగ దగ్గరకు తీసుకువెళ్లాము. ఆవిడ చాలాసేపు చూసి, "మన గోదారంత వెడల్పు లేదు గాని, పరుగు ఎక్కువ" అని తీర్పు చెప్పారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. హరి కీ పౌడీ దగ్గర మనం మునిగేది గంగ నుంచి కాలువ కోసం మళ్లించిన పాయలో. గంగా కాలువను ప్రోబీ కాట్లీ నిర్మించగా 1854లో నీరు విడిచారు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది 1852లో. రెండూ రెండేళ్ల తేడాతో పుట్టిన కవలల వంటివి. అయితే వాటిని కట్టిన దొరలిద్దరికీ మాత్రం పడలేదు. కాలువ తలను అంత ఎగువన పెట్టడం పొరపాటని మన కాటన్ దొర విమర్శించగా, 1860లలో ఇద్దరి మధ్య పెద్ద వాదమే జరిగింది. ఈ సంగతి మావారు చెప్పగానే అత్తయ్యగారు క్షణం ఆలోచించకుండా కాటన్ దొర పక్షం వహించారు. గోదావరి జిల్లాల వారికి ఆయన విషయంలో విచారణ అక్కరలేదు.

నవంబరు నెల హాయిగానే గడిచింది. డిసెంబరు రెండవ వారం నుంచి అసలు చలి మొదలైంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగేది. కొన్ని రోజులు పొగమంచు ఎంత దట్టంగా కమ్మేదంటే, ఎదురు వరుస క్వార్టర్లు కనబడేవి కావు. సైకిలు గంట వినబడేది, సైకిలు మాత్రం మీదికి వచ్చాక గాని కనిపించేది కాదు. మా సీసాలోని కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టింది. కొబ్బరినూనె ఇరవైనాలుగు డిగ్రీల దిగువన పేరుకొంటుందని పుస్తకాలలో చదివామే గాని, దానిని చెంచాతో తవ్వి, అరచేతిలో కరిగించి తలకు రాసుకోవలసి వస్తుందని అనుకోలేదు. మన వైపు ఇళ్లు ఎండను బయట నిలపడానికి కట్టినవి. అక్కడి మా క్వార్టరు కూడా అలాగే చల్లదనాన్ని పట్టి ఉంచేది. పగలు పదకొండు గంటలకు బయట ఎండ కాస్తుంటే లోపల గచ్చు మీద కాలు పెట్టలేకపోయేవాళ్లం.

అందుకే అక్కడివారు చలికాలంలో పగలు ఇంట్లో ఉండరు. పదింటికల్లా నవారు మంచాలు ఆరుబయటకు వస్తాయి. ఆడవారు ఎండలో కూర్చొని స్వెట్టర్లు అల్లుతారు, బఠాణీలు వొలుస్తారు, ముల్లంగి ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం చల్లుకొని తింటారు. ఇసుకలో వేయించిన వేరుశనగకాయలు, నువ్వుల గజక్, కమలాపండ్లు చేతులు మారుతుంటాయి. సూర్యుడు జరిగినకొద్దీ మంచాలూ జరుగుతాయి. మొదట్లో ఇదేదో తీరుబడి వ్యవహారం అనుకొన్నాము. వారం తిరగకుండానే మా మంచమూ బయటికి వచ్చింది. అత్తయ్యగారు మాత్రం రాలేదు. భాష రాని చోట నలుగురిలో కూర్చోవడం ఆవిడకు చిన్నతనంగా తోచింది. గదిలో రజాయి కప్పుకొని, కిటికీలోంచి చూస్తూ ఉండేవారు.

ఆవిడ మనసు విరగడానికి మొదటి కారణం ఇడ్లీ. రాత్రి రుబ్బిన పిండి ఉదయానికి ఎలా ఉన్నది అలాగే ఉండేది. పొంగదు, పులవదు. మరో పగలు, మరో రాత్రి ఉంచినా అంతే. ఆ పిండితో వేసిన ఇడ్లీలు చేతికి బిళ్లల్లా తగిలేవి. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా వెచ్చదనం కావాలి. పది డిగ్రీల వంటింట్లో అవి ముడుచుకొని పడుకొంటాయి. మావారు ఇంజనీరు బుద్ధితో ఒక చెక్కపెట్టె సంపాదించి, అందులో నలభై వాట్ల బల్బు అమర్చి, ఒక థర్మామీటరు కూడా వేలాడదీశారు. పప్పు నానబోసేటప్పుడే గోరువెచ్చని నీళ్లు పోసి, చెంచాడు మెంతులు వేసి, రుబ్బిన గిన్నెను ఆ పెట్టెలో పెడితే పన్నెండు గంటలలో పిండి పొంగింది. బల్బు చెక్కకు గాని గుడ్డకు గాని తగలకుండా చూసుకోవడం ముఖ్యం. పెరుగు విషయం ఇంకా తేలిక. పక్కింటివారు చెప్పినట్లు, తోడుపెట్టిన గిన్నెను గోధుమపిండి డబ్బాలో పిండి మధ్య దిగేటట్లు పెట్టి మూత వేస్తే తెల్లవారేసరికి గడ్డపెరుగు. పిండి వెచ్చదనాన్ని పోనివ్వదు. ఇడ్లీ పెట్టె చూడడానికి కాలనీలో ఉన్న తెలుగువారూ, తమిళులూ వరుసగా వచ్చారు. మావారి గర్వానికి అంతులేదు.

కొత్తవి ప్రయత్నించడంలో మాకు తొలి విజయం మక్క రొట్టె. ఆ వైపు చలికాలమంతా సర్సోం కా సాగ్, మక్కీ రొట్టె తింటారు. లేత ఆవాకు ఒక కిలో ఉంటే, పాలకూర పావు, బథువా పావు కలిపి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప వేసి సన్నని సెగ మీద గంటన్నర ఉడికించి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, గుప్పెడు మక్కపిండి చల్లి చిక్కబరుస్తారు. బథువా అంటే ఏమిటో అనుకొన్నాము. మన చక్రవర్తి కూర. ఇక రొట్టె సంగతి. మక్కపిండికి గోధుమపిండిలోని జిగి ఉండదు గనుక కర్రతో వత్తబోతే విరిగిపోతుంది. మరిగే నీళ్లు పోసి కలిపి, అరచేతుల మధ్య తట్టాలి. ఉత్తరాదికి కొత్తగా వచ్చినవారికి ఇది చేతకాదని ఇరుగుపొరుగు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. కర్నూలులో జొన్నరొట్టె తట్టి పెరిగిన చేతులకు అది ఒక లెక్కా? పెనం మీద మొదటి రొట్టె పొంగగానే ఎదురింటి పంజాబీ ఆవిడ, ఇది ఎక్కడ నేర్చుకొన్నారని అడిగారు. మేము జొన్నల గురించి చెప్పాము. అత్తయ్యగారు మాత్రం, "ఆవాలు పోపులో వేస్తారు గాని, ఆ ఆకు కూర వండుకోవడమేమిటమ్మా" అని, మజ్జిగ పోసుకొని ఇంత అన్నం తిని లేచారు. రోజురోజుకూ ఆ అన్నమూ తగ్గుతూ వచ్చింది. మోకాళ్ల నొప్పులు పెరిగాయి. మాటలు తగ్గాయి.

ఆవిడకు చలి తగలకూడదనే మేము ఆ పొరపాటు చేశాము. బజారులో ఒక ఇనుప అంగీఠీ కొన్నాము. అంగీఠీ అంటే మన కుంపటి వంటిదే. అందులో బొగ్గులు పోసి వరండాలో అంటించి, పొగ పూర్తిగా పోయి కణకణలాడే నిప్పులు మిగిలాక గదిలోకి తెచ్చేవాళ్లం. పొగ లేదు కదా, ఇక భయమేమిటని మా నమ్మకం. పడుకొనే ముందు బయట పెట్టేసేవాళ్లం. డిసెంబరు చివరి వారంలో ఒక రాత్రి చలి మరీ ఎక్కువగా ఉంది. అత్తయ్యగారి గదిలో బాబు కూడా పడుకొన్నాడు. కిటికీ సందులలో పాతగుడ్డలు దోపి, తలుపు చేరవేసి, "నిప్పులు ఎలాగూ చల్లారిపోతున్నాయి" అని అంగీఠీని గదిలోనే వదిలేశాము.

రాత్రి రెండు గంటల వేళ బాబు ఏడుపు వినిపించి వెళ్లాము. పక్కమీద వాంతి చేసుకొన్నాడు. తలనొప్పి అంటున్నాడు. వాడి ఏడుపుకు పక్కనే ఉన్న నాయనమ్మ కదలలేదు. పిలిస్తే మూలిగారు గాని లేవలేకపోయారు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, ఇద్దరినీ రజాయిలతో సహా వరండాలోకి మోశాము. మా కేకలకు పక్క క్వార్టరులోని అల్మోడా కుటుంబం లేచింది. ఆ ఇంటావిడను మేము దీదీ అని పిలిచేవాళ్లం. ఆవిడ గదిలోని అంగీఠీని ఒక్కసారి చూసి, మరేమీ అడగకుండా తన భర్తను వాహనం కోసం పరుగెత్తించారు. ఆ పొగమంచులో ఒక మనిషి టార్చిలైటు పట్టుకొని ముందు నడుస్తుండగా, జీపు నడకవేగంతో ఆసుపత్రికి చేరింది. ఆ దూరం ఎంతో లేదు. ఆ రాత్రి మాత్రం అంత దూరం మేము ఏనాడూ ప్రయాణించలేదు.

ఇద్దరికీ ప్రాణవాయువు పెట్టారు. తెల్లవారేసరికి బాబు తేరుకొని బిస్కెట్లు అడిగాడు. అత్తయ్యగారికి మరొక పూట పట్టింది. డాక్టరుగారు మాకు చెప్పిన మాటలు ఇక్కడ వ్రాయడం మా ధర్మం. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. పొగ ఆగిపోయి ఎర్రగా ఉన్న నిప్పులే ఎక్కువ మోసం చేస్తాయి, ఎందుకంటే కళ్లు మండవు, దగ్గు రాదు; నిద్ర మాత్రం వస్తుంది. బాబుకు వాంతి కాకపోయి ఉంటే అన్న వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. మేమూ చేయమనలేదు. నిప్పు ఉన్న గదిలో నిద్రపోకూడదు. నిప్పు ఉన్నంతసేపూ ఒక కిటికీ తెరిచి ఉండాలి. ఈ రెండు సంగతులు తెలియక ఉత్తరాదిలో ఏటా చలికాలంలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అత్తయ్యగారు ఒకే మాట అన్నారు. "ఒరే అబ్బాయ్, నన్ను ఊరు పంపించెయ్యి. పండక్కి నా ఇంట్లో నేనుంటాను." ఆ ఇంట్లో ఆవిడకు ఎవరున్నారు? దూడ కూడా లేదు. అయినా మావారు మారు మాట చెప్పలేకపోయారు. పొరపాటు మాది. జనవరి 9వ తేదీన ఢిల్లీ నుంచి బయలుదేరే రైలుకు, సెలవు మీద విజయవాడ వెళ్తున్న ఒక సహోద్యోగి కుటుంబంతో కలిపి టిక్కెట్టు తీశారు. ఆవిడ పెట్టె సర్దుకొని మంచం కింద పెట్టుకొన్నారు.

ఆ మర్నాడు దీదీ పరామర్శకు వచ్చారు. చేతిలో మూతపెట్టిన గిన్నె. కుమావూఁ కొండలలో చలికాలం తప్పనిసరిగా వండుకొనే గహత్ పప్పు తెచ్చారు. ఒంటికి వేడి చేస్తుందనీ, మాజీకి ఓపిక వస్తుందనీ ఆవిడ హిందీలో చెబుతుంటే మేము తెలుగు చేస్తున్నాము. అత్తయ్యగారు మర్యాద కోసం మూత తీసి చూశారు. వాసన చూశారు. చెంచాతో అడుగున ఉన్న గింజను పైకి తీసి, వేళ్ల మధ్య నలిపి చూశారు. "అమ్మాయ్, ఇవి ఉలవలు!" అన్నారు.

నిజమే. గహత్ అంటే ఉలవలే. మూడు వారాలుగా ఆవిడ గొంతులో అంత ఉత్సాహం మేము వినలేదు. దీదీ పోపులో వేసిన జంబూ అనే ఎండుటాకు వాసన కొత్తదైనా, ఉల్లిపాయ జాతిదే కావడంతో ఆవిడకు అభ్యంతరం కలగలేదు. గిన్నెడు పప్పూ అన్నంలో కలుపుకొని తిన్నారు. తిని, "వీళ్లు గింజ తింటున్నారు. కట్టు ఏం చేస్తున్నారో అడుగు" అన్నారు. గింజ నానబెట్టి రుబ్బి వండే రకాలు కూడా ఉన్నాయని దీదీ చెప్పారు గాని, ఉడికించిన నీటిని మాత్రమే తీసుకొని గంటల తరబడి మరిగించడం తాము ఎరుగమన్నారు. అత్తయ్యగారు మావారి వైపు తిరిగి, రెండు కిలోల ఉలవలు తెప్పించమన్నారు. దీదీ అత్తవారు అల్మోడా నుంచి పంపిన సంచి ఉండనే ఉంది.

ఉలవచారుకు గ్యాసుపొయ్యి పనికిరాదని ఆవిడ నిర్ణయం. మేము చూడడానికే భయపడి పెరటి మూలకు నెట్టిన అంగీఠీని ఆవిడే బయటకు తెప్పించారు. "తప్పు దానిది కాదు, ఇంట్లో పెట్టుకోవడం తప్పు" అన్నారు. ఆరుబయట, ఎండలో, మంచాల మధ్య అంగీఠీ వెలిగింది. ముందురోజు నానబోసిన కిలో ఉలవలు ఐదు లీటర్ల నీటితో పెద్ద గిన్నెలో ఎక్కాయి. దగ్గర కూర్చొని సెగ చూసుకోవాలి గనుక అత్తయ్యగారు తొలిసారిగా కాలనీ ఆడవారి నడుమ మంచం మీద కూర్చొన్నారు. మూడు గంటలు ఉడికాక, కాఫీ రంగు తిరిగిన కట్టును వడగట్టి, చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పోపు వేసి మళ్లీ సన్నసెగ మీద పెట్టారు. కరివేపాకు అక్కడ పొదలుగా పెరుగుతుంది గాని వారు అంతగా వాడరు, మాకు అదృష్టం.

మామయ్యగారు బతికి ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో రెండు జతల ఎడ్లు ఉండేవి. పనుల కాలంలో వాటికి ఉలవలు ఉడికించి పెట్టేవారు. గింజ ఎడ్లకు, కట్టు మనుషులకు. కట్టు పొయ్యి మీద ఉండగా మామయ్యగారు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే వంటింటి గుమ్మంలో నిలబడి వాసన చూసేవారట. ఎడ్లు అమ్మేశాక ఇంట్లో ఉలవచారు కాయడమే మానేశారట. ఈ కథ ఆవిడ ఎవరికి చెబుతున్నారో చూసుకోకుండా తెలుగులోనే చెప్పుకుపోయారు. చుట్టూ కూర్చొన్న పంజాబీ, గఢ్వాలీ, బెంగాలీ ఆడవారు అల్లిక ఆపకుండా తలలూపుతూ విన్నారు. ఏమి అర్థమైందో తెలియదు. ఎడ్ల కొమ్ములను చేతులతో చూపినప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

సాయంత్రానికి చారు తేనెలా చిక్కబడింది. చిన్న చిన్న గిన్నెలలో ఎనిమిది ఇళ్లకు వెళ్లింది. వేడి అన్నంలో వెన్నపూసతో తినాలని ప్రతి ఇంటికీ కబురు. ఎదురింటి పంజాబీ ఆవిడ దానిని మక్క రొట్టెతో తిన్నారని తెలిసి అత్తయ్యగారు నొచ్చుకొన్నారు. మేము రహస్యంగా అలా తిని చూశాము. బాగానే ఉంది.

జనవరి 5న మావారు, "అమ్మా, టిక్కెట్టు రద్దు చేయమంటావా?" అని మెల్లగా అడిగారు. ఆవిడ అవునని అనలేదు, కాదని అనలేదు. "ఇంకా కిలో ఉలవలు మిగిలే ఉన్నాయిగా" అన్నారు. మావారు ఆ పూటే స్టేషనుకు వెళ్లారు.

ఆ తరువాత ఇంటి పెత్తనం చేతులు మారింది. దీదీ ఇంట్లో ఎండలో పెట్టిన జాడీ ఏమిటని అత్తయ్యగారు ఆరా తీశారు. అది కాంజీ: నల్ల కారట్ ముక్కలు, నీళ్లు, ఆవపిండి, ఉప్పు, కారం కలిపి నాలుగైదు రోజులు ఎండలో పులియబెట్టిన పానీయం. పుల్లగా, ఘాటుగా, ముక్కుకు ఎక్కేటట్లు ఉంటుంది. ఆవాకును ఈసడించిన మనిషి దీనిని రెండు గుటకలు మింగి, "ఇది మన తరవాణికి చెల్లెలే" అన్నారు. పోలిక సరిగా లేదని మా అభిప్రాయం. తరవాణిలో అన్నం ఉంది, కాంజీలో ఆవ ఉంది. కాని వంటింట్లో బంధుత్వాలు కలిపేది మేము కాదు.

పండుగ దగ్గర పడింది. అరిసెలు లేని సంక్రాంతి ఆవిడ ఎరుగరు. ఇంట్లో ఉన్న పాతబియ్యమే నానబోసి, దంచి, పాకంపట్టి మొదటి వాయి వేస్తే నూనెలో విచ్చిపోయాయి. రెండవ వాయీ అంతే. అరిసెకు కొత్తబియ్యం కావాలనీ, బెల్లం కూడా కొత్తదే కావాలనీ ఆవిడ పట్టుబట్టారు. సెలవురోజున మావారి స్కూటరు మీద లక్సర్ దారిలో ఒక చెరకు కొల్హూకు వెళ్లాము. ఆ ప్రాంతమంతా చెరకు తోటలే. మనకు అనకాపల్లి ఎలాగో వారికి ముజఫర్‌నగర్ అలాగ. దేశంలోని పెద్ద బెల్లం సంతలలో రెండూ పేరుపడ్డవే. గానుగ నుంచి వచ్చిన రసం వరుసగా పెట్టిన పెనాలలో మరుగుతూ ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. రసంలోని మడ్డి తేలడానికి బెండ జాతి మొక్కల కాడల జిగురు కలుపుతారు. పొయ్యిల చుట్టూ చలే లేదు. ఆ చలికాలంలో మేము చూసిన చోట్లన్నింటిలోకీ వెచ్చని చోటు అదే, కదలబుద్ధి కాలేదు. ఇంకా చేతికి వెచ్చగా తగులుతున్న బెల్లం ఐదు కిలోలు తెచ్చాము. ఇంటికి వచ్చేసరికి అందులో ఒక మూల తగ్గి ఉంది. దారిలో ఎవరు తిన్నారన్నది తేలలేదు.

కొత్తబియ్యం కూడా దీదీ ద్వారానే వచ్చింది. ఈసారి పాకం కుదిరింది గాని చలి మరొక చిక్కు తెచ్చింది. చలిమిడి వేళ్ల మధ్యనే బిగుసుకుపోతోంది. గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో నిలిపి, పిండిని వెచ్చగా ఉంచుకొంటూ వత్తితే అరిసె నిలిచింది. ఈ కిటుకు అత్తయ్యగారిది. తణుకులో ఆవిడకు ఏనాడూ అవసరం పడి ఉండదు.

భోగినాడు తెల్లవారుజామున మేము మంట వేశాము. ఆ సాయంత్రమే పంజాబీ కుటుంబాలు లోహ్రీ మంట వేసి, నువ్వులు, రేవడీలు, పేలాలు అందులో చల్లారు. ఒకే రోజున ఉదయం ఒకరిది, సాయంత్రం ఒకరిది. మా బాబు రెండింటికీ హాజరు. వాడి మెడలో భోగి పిడకల దండ చూసి దీదీ చిన్నకొడుకు తనకూ రేపు ఒక దండ వస్తుందని చెప్పాడు. కుమావూఁ వారు సంక్రాంతికి బెల్లపు నీళ్లతో గోధుమపిండి కలిపి, చిన్న చిన్న మెలికలుగా, డాలు, కత్తి, డమరుకం ఆకారాలుగా చేసి నేతిలో వేయిస్తారు. వాటిని ఘుఘుతీ అంటారు. నారింజపండుతో కలిపి దండగా గుచ్చి పిల్లల మెడలో వేస్తారు. మర్నాటి ఉదయం పిల్లలు ఆ దండలతో గోడ దగ్గర నిలబడి కాకులను కేకవేసి పిలిచి, ముక్కలు పెడతారు.

ఆ మర్నాడు మనకు కనుమ. కనుమనాడు మినుము తినాలి గనుక తెల్లవారకుండానే అత్తయ్యగారు గారెల పిండి రుబ్బించారు. పులియనక్కరలేని పిండి కాబట్టి చలి దాని జోలికి రాలేదు. మంచు ఇంకా విడవలేదు. దీదీ కొడుకు ఘుఘుతీ దండ వేసుకొని ప్రహరీగోడ దగ్గర నిలబడి గొంతు చించుకొంటున్నాడు. అత్తయ్యగారు శాలువా కప్పుకొని, పళ్లెంలో రెండు గారెలు పెట్టుకొని బయటికి వచ్చారు. "కనుమనాడు కాకి కూడా కదలదంటారు, వీడు పిలిస్తే వస్తుందా?" అని మాతో అని, ఎందుకైనా మంచిదని ఒక గారెను గోడ మీద ఘుఘుతీల పక్కన పెట్టారు.

మంచులోంచి కాకి వచ్చింది. ఒకటి కాదు, మూడు. మొదటిది ఘుఘుతీలను అటూ ఇటూ చూసి, గారెను ముక్కున కరచుకొని ఎగిరిపోయింది. పిల్లవాడికి కళ్లనీళ్లు వచ్చాయి. తన పండుగ, తన కాకి. తీసుకుపోయినది మాజీ గారెను. వాడు హిందీలో ఏదో ఫిర్యాదు చేశాడు. ఆవిడకు భాష రాదు. పళ్లెంలో మిగిలిన గారెను తీసి, ఆ నడిమి చిల్లులోంచి వాడి దండ దారాన్ని దూర్చి, నారింజపండు పక్కన ముడివేశారు. వాడు వంగి దాని వైపు చూసుకొని, కాకుల సంగతి మరచిపోయి, చూపించడానికి ఇంట్లోకి పరుగెత్తాడు.